పట్టాభిషేకం తర్వాతి పేజీలు

క్లాంగ్
ఫిబ్రవరి 3, 2025

నేస్తానికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మనకి అలవాటు. ఈసారి ఆ అబద్ధం వదిలేస్తున్నాను.

మెషీను మానేద్దామనుకుంటున్నాను. వారానికి మూడుసార్లు అల్లుడు గణేశన్ కారెక్కిస్తాడు. అక్కడ నా రక్తం గొట్టాల్లోకి పోయి, శుభ్రపడి, మళ్ళీ నాలోకి వస్తుంది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాను. లేచేసరికి మళ్ళీ కారెక్కే రోజు. ఆరేళ్ళుగా ఇదే బతుకు. ఇప్పుడు చేతిలో సూది గుచ్చడానికి నరం దొరకడం లేదు. మెడ దగ్గర గొట్టం పెడతామన్నారు. వద్దన్నాను.

డాక్టరు నన్ను తిట్టలేదు. నాకు చెవులు పోయాయని తెలుసు కాబట్టి మలాయిలో కాగితం మీద రాసి చూపించాడు. మానేస్తే ఎక్కువ కాలం ఉండనట. నొప్పి తెలియకుండా చూసే నర్సులు ఇంటికే వస్తారట. నిర్ణయం నాదేనట. ఆసుపత్రిలో నాదే. ఇంట్లో మాత్రం కాదు.

మా ఇందిర పెదాలు చూస్తే నాకు మాట తెలుస్తుంది. అది ఏమందో తెలుసా? "నీ మాట నాకెందుకు? కూర్మమ్మ పెద్దమ్మ సరే అన్నాదంటే నేనూ సరే. అందాకా నోరు మూసుకుని కారెక్కు."

కాబట్టి నేస్తం, నీ ఒక్క మాట కావాలి. సరే అని. నాకు రాసి లాభం లేదు. దానికి తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ఫోను చేసి దానికే చెప్పు.

అప్పలమ్మ


సుంగై పెటాని
ఫిబ్రవరి 11

శ్రీరామ

నేస్తానికి,

నీ ఉత్తరం చదివి మందిరంలో దీపం పెట్టడం మర్చిపోయాను. ఆ పాపం నీ ఖాతాలో రాసుకో.

ఏమనుకుంటున్నావు నువ్వు? ప్రాణమంటే పెట్టెలో మడతపెట్టిన చీరా, ఇక చాలనిపిస్తే తీసి ఇచ్చెయ్యడానికి? ఇచ్చినవాడు అడిగాడా నిన్ను? జటాయువు రెక్కలు తెగి నేలమీద పడ్డాడు. అయినా రాముడు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాడా లేదా? సీతమ్మ అశోకవనంలో జడ మెడకి చుట్టుకోబోయింది. ఆగిందా లేదా? ఎందుకు ఆగింది? చెట్టుమీంచి ఒక మాట వినబడింది కనుక. ఆ మాట ఇప్పుడు నేను. విను. వినలేవు కనుక చదువు, రెండుసార్లు చదువు!

బడి మొహం చూడనిదాన్ని. నాయన రామకథ పుస్తకం ముందేసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నదాన్ని. ముప్పై ఏళ్ళుగా ప్రతి శనివారం ఈ మందిరంలో ఆ పుస్తకం పట్టుకుని ఒకటే చెప్తున్నాను: పిలిచేదాకా ఉండు, ముందు లేవకు అని. ఫ్యాక్టరీలో వేళ్ళు పోయినవాణ్ణి ఆ మాటతోనే నిలబెట్టాను. మొగుడు వదిలేసినదాన్ని ఆ మాటతోనే వంతెన మీంచి దింపాను. ఇప్పుడు నీకు సరే అంటే, వచ్చే శనివారం ఏ మొహంతో అక్కడ కూర్చోను?

నువ్వు నాకు పక్కింటిదానివైతే వేరు. నేస్తానివి. ఎనిమిదేళ్ళ పిల్లలం. మా అమ్మ పసుపుతాడు ఇచ్చింది, మీ అమ్మ బెల్లమ్ముక్క ఇచ్చింది. రాముడి పటం ముందు ఒకరి చేతికి ఒకరం కట్టుకుని, ఆ ముక్క చెరి సగం కొరికాం. ఆనాటినుంచి నీ పేరు నేను పలకలేదు, నా పేరు నువ్వు పలకలేదు. నీ కూతురికి పెద్దమ్మనయ్యాను. మీ ఆయన పోతే మా ఇంట మైల పట్టాను. అలాంటిదాన్ని పట్టుకుని, ఫోను తీసి నా చావుకి సరే చెప్పమంటావా?

నీ రోగానికి మందు నా దగ్గరుంది. తోట. మన రబ్బరు తోట.

ఎండాకాలం రబ్బరుకాయలు చెట్టుమీదే పేలేవి గుర్తుందా? టప్, టప్. గింజలు మన నెత్తిన వాన పడ్డట్టు పడేవి. ఆ గింజని సిమెంటు గట్టుమీద రాపాడించి, కాలేదాకా రాపాడించి, వెనకనుంచి వచ్చి నా మోచేతికి అంటించేదానివి. కెవ్వుమంటే పారిపోయేదానివి. కూలీల ఇళ్ళ లైన్లో ఇంటింటి చుట్టూ తరిమేదాన్ని. నెలకోసారి మైదానంలో సినిమా తెర కట్టేవారు. మనం తెర వెనక కూర్చుని చూసేవాళ్ళం. అటునుంచి చూస్తే కథానాయకుడు ఎడమ చేత్తో కత్తి తిప్పేవాడు, ఎడమ చేత్తో తాళి కట్టేవాడు. పడీ పడీ నవ్వాం. అడవిలో తిరుగుబాటువాళ్ళకి తిండి అందకూడదని తెల్లవాళ్ళు మన లైన్ల చుట్టూ ముళ్ళకంచె వేశారు. చీకటి పడితే కర్ఫ్యూ. అది పెద్దవాళ్ళకి. మనకైతే పండగే! అందరి అమ్మలూ నాయనలూ ఇంటిపట్టునే, అందరి గుమ్మాల్లోనూ కథలే. అంత నిశ్చింతగా ఇంకెవరైనా పెరిగారా ఈ భూమ్మీద?

ఒక్కో ఉత్తరానికి ఒక్కో ముచ్చట పంపిస్తాను. అవన్నీ అయ్యేదాకా నీకు పోవడానికి తీరికుండదు.

కూర్మమ్మ


క్లాంగ్
ఫిబ్రవరి 22

నేస్తానికి,

ఎడమచేతి తాళి చదివి నవ్వాను. మెషీను దగ్గర నవ్వకూడదు, సూది కదులుతుంది. నర్సు కసిరింది. పక్కమంచం పళనిసామి ఏమిటేమిటని సైగ చేశాడు. తమిళంలో నాకొచ్చినంత చెప్పాను. ఆయనా తోటబిడ్డే. "మేమూ తెర వెనకే" అని సైగలతోనే చెప్పాడు.

అదీ సంగతి. మనం తెర వెనక ఎందుకు కూర్చున్నాం? ముందువైపు చాపలు కూలీల్ని అదిలించే కంగాణీల పిల్లలకి, గుమాస్తాల పిల్లలకి. మీ అన్న ఒకసారి ముందుకెళ్ళి కూర్చుంటే చెవి పట్టుకు లేవదీశారు. నువ్వు మర్చిపోయావు. మంచిదే. మర్చిపోకపోతే అంత నవ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది?

నీకు ఇంకొకటి గుర్తుచేస్తాను. పొద్దున్నే గేటు దగ్గర వెతికేవారు. రబ్బరుపాలు గియ్యడానికి వెళ్ళే ఆడవాళ్ళు పిడికెడు అన్నం కూడా కంచె దాటించకూడదు. అడవిలో వాళ్ళకి ఇస్తారేమోనని. మా అమ్మ జుట్టు విప్పించారు ఒకరోజు, కొప్పులో అన్నం దాచిందేమోనని. అందరి ముందూ జుట్టు విరబోసుకుని నిలబడింది. మనిద్దరం కంచె పట్టుకుని చూస్తున్నాం. "అమ్మోరు, అమ్మోరు" అని నువ్వు అరిచావు, నేను చప్పట్లు కొట్టాను. అమ్మ మనవైపు చూసి నాలుక బయటపెట్టి కళ్ళు తిప్పింది, పూనకం వచ్చినట్టు. మనకి ఇంకా నవ్వు.

అప్పుడు అమ్మ కడుపుతో ఉంది. మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపున చెట్లు గీసి, పాలబాల్చీలు మోసుకొచ్చింది. ఆ బిడ్డ నిలబడలేదు.

నిశ్చింత అన్నావు కదా. చింతంతా వాళ్ళు పడితే మనకేం మిగులుతుంది, నిశ్చింతే. ఇది నీ మీద నిందని రాయడం లేదు. ఈ మధ్య మెషీను పక్కన పడుకుంటే అమ్మ ఆ వెక్కిరింపు మొహమే కనబడుతోంది. నేనూ ఆరేళ్ళుగా అదే చేస్తున్నాను, నిషా కోసం. మనవరాలు కాలేజీ నుంచి వచ్చి మంచం పక్కన నిలబడి "అమ్మమ్మా, ఓకే లా?" అని మాటకి మలాయి తోక తగిలించి, బొటనవేలు చూపిస్తుంది. నేనూ వేలు చూపిస్తాను. నాలుక బయటపెట్టి కళ్ళు తిప్పడం ఒక్కటే తక్కువ.

నువ్వు ఇందిరతో మాట్లాడావని తెలిసింది. ఫోను పెట్టేశాక దాని మొహంలో వెలుగు చూశాను. అంటే నువ్వు కాదన్నావు.

అప్పలమ్మ


సుంగై పెటాని
మార్చి 5

శ్రీరామ

నేస్తానికి,

కాదన్నాను. మళ్ళీ అడిగినా కాదంటాను. ఇందిర ఏడ్చింది. "నువ్వున్నావు, సాలు పెద్దమ్మా" అంది. ఆ పిల్లకి ఉన్న బుద్ధి దాని తల్లికి లేదు.

మీ అమ్మ సంగతి చదివాక మూడు పూటలు ముద్ద దిగలేదు. నాకు ఆ నవ్వు గుర్తుంది, జుట్టు గుర్తుంది, కడుపు గుర్తులేదు. కానీ నేస్తం, ఆ తల్లి అంత బరువు మోసి కూడా మర్నాడు గేటు దగ్గర నిలబడిందా లేదా? పడుకుని ఇక చాలు అందా? అదే నేను చెప్పేది! నీ సాక్ష్యం నాకే పనికొచ్చింది చూశావా.

ఇదిగో ఇంకో ముచ్చట. ఐసువాడు సైకిలు మీద వచ్చేవాడు. ఐసు గీకి, చేత్తో ఉండచేసి, ఎర్ర షర్బత్తు పోసి ఇచ్చేవాడు. మనిద్దరికీ కలిపి ఒకటే ఉండ. నువ్వో గుక్క, నేనో గుక్క. నువ్వు పెద్ద గుక్క పీల్చి ఎర్రదనమంతా లాగేసేదానివి. నాకు తెల్ల ఐసు మిగిలేది. నాలుక చాపి చూపించమంటే మొహం అటు తిప్పేదానివి. చెట్టు గీతల్లో ఎండిన పాలతీగలు లాగి చుట్టి చుట్టి బంతి చేశాం. నేలకేసి కొడితే లైను కప్పు దాటి ఎగిరేది. దొర కారు మీద పడింది. ఇద్దరం పీపాలో దూరి ఊపిరి బిగపట్టుకున్నాం. లోపల నీకు తుమ్మొచ్చింది. నా పైట, అంటే అమ్మ పాత చీరముక్కే, నీ నోట్లో కుక్కాను.

ఇవి రాస్తుంటే ఆగలేక మొన్న తోటకి వెళ్ళాను. మా మందిరం కార్యదర్శి వినోద్‌కుమార్ కారులో తీసుకెళ్ళాడు. తోట లేదు. ఒక్క చెట్టు లేదు. వరసగా ఇళ్ళు, చివర పెద్ద బజారు, దానిముందు కార్లు. లైన్లు ఎక్కడుండేవో తెలుసుకుందామని నేలకేసి చూసుకుంటూ తిరిగాను. గేటు కాపలావాడు వచ్చి ఏం పోయిందన్నాడు. ఇక్కడ ఎస్టేట్ ఉండేదన్నాను. నవ్వి, "ఇక్కడ ఎస్టేట్ ఎక్కడిది, మక్‌చిక్?" అన్నాడు. మలాయిలో అత్తా అన్నట్టు మర్యాదగానే అన్నాడు. వినోద్ కూడా, "పెద్దమ్మా, ఇక్కడేనా? గట్టిగా తెలుసునా?" అన్నాడు.

గట్టిగా తెలుసా అంటే ఎవర్ని అడగను నేను? ఆ పీపాలో ఉన్నది ఇద్దరమే.

మెడ దగ్గర గొట్టం పెట్టించుకో. నా మీద ఒట్టు.

కూర్మమ్మ


క్లాంగ్
మార్చి 17

నేస్తానికి,

ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఎనభైకి దగ్గరపడ్డ ముసిలిదానిమీద ఒట్టేసి ఏం లాభం?

పీపాలో తుమ్మింది నువ్వు, నేను కాదు. పైట నాది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పైన జటాయువు, సీతమ్మ, పాపం, పుణ్యం. అడుగున ఒక్క వాక్యం: ఎవర్ని అడగను నేను. నువ్వు భయపడుతున్నది నా పాపం గురించి కాదు నేస్తం. నేను పోతే ఆ తోట ఉండేదని నీకు చెప్పేవాళ్ళు ఉండరు. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు నిన్ను. ఆ భయం నాకు అర్థమైంది. కానీ దానికోసం నేను సూదుల మీద పడుకోలేను.

రామకథ నీకంటే నాకు తక్కువ తెలుసు. అయినా ఒకటి అడుగుతాను. ఇన్నేళ్ళలో నీ నోట ఎన్నోసార్లు విన్నాను, చెవులున్న రోజుల్లో. ప్రతిసారీ పట్టాభిషేకం దగ్గర ఆపేస్తావు. హారతి, పానకం, వడపప్పు, జై. మీ నాయనా అక్కడే ఆపేవాడు. తర్వాత ఏమైంది? మా అత్త చెప్పేది: ముని వేషంలో కాలుడొచ్చి నీ గడువు అయిందన్నాడట, రాముడు లేచి సరయూ నదిలోకి నడిచి వెళ్ళాడట. తనే నడిచాడు. ఎవరూ తొయ్యలేదు. పాపమని ఎవరైనా అన్నారా? నువ్వు అంటావా?

పిలిచేదాకా ఉండమంటావు. చేతిలో నరం దొరక్కపోవడం పిలుపు కాదని నీకెవరు చెప్పారు?

అప్పలమ్మ


సుంగై పెటాని
మార్చి 24

నేస్తానికి,

ఆ కాండ ఇళ్ళలో చదవరు. చదివితే ఇల్లు నిలవదు. మా నాయన ఆ పేజీలన్నీ కలిపి గోనెసంచులు కుట్టే సూదితో, దారంతో కుట్టేశాడు, పిల్లలు పొరపాటున కూడా తెరవకూడదని. తోటల్లో రామకథ ఉన్న ప్రతి ఇంటా అదే పని చేశారు. నాకు తెలిసిన కథ పట్టాభిషేకంతో సరి. ఆయన సింహాసనం మీదున్నాడు. అక్కడే ఉంటాడు. నీ సుఖానికి నా దేవుణ్ణి నీళ్ళలో ముంచకు!

ఇంక దీని గురించి నాకు రాయకు.

కూర్మమ్మ


క్లాంగ్
ఏప్రిల్ 1

నేస్తానికి,

నీ కోపం అందింది. ఈ ఉత్తరం కొంచెం కొంచెంగా రాశాను. అక్షరాలు వంకరపోతే తిట్టుకో.

పళనిసామి మంచం ఖాళీ. ఎందుకని ఎవరూ చెప్పరు. దుప్పటి మారుస్తారు, కొత్తవాళ్ళని పడుకోబెడతారు. ఆయన మెడకి గొట్టం పెట్టించుకున్నాడు. చివరికి జ్వరమొచ్చి పెద్దాసుపత్రిలో, గొట్టాల మధ్య, పిల్లల్ని లోపలికి రానివ్వని గదిలో పోయాడని ఆయన కొడుకు తర్వాత గణేశన్‌కి చెప్పాడట.

నేను ఏడవడం లేదు. దేవుడి మీద కోపం లేదు, పిల్లలమీద లేదు, నీ మీదా లేదు. అలిసిపోయాను. ఇంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు. మా గదిలో, కిటికీ పక్కన, మనవాళ్ళ మొహాలు చూస్తూ పోవాలని ఉంది. శ్లోకం వెతక్కు. ఉంటే సరే, లేకపోయినా సరే.

అప్పలమ్మ


సుంగై పెటాని
ఏప్రిల్ 9

నేస్తానికి,

నవమినాడు పొద్దున్నే, పానకం కలపకముందు, నాయన పుస్తకం తీశాను. కత్తెర దొరక్క కూరలు కోసే కత్తితో కోశాను. దారం ఇంకా గట్టిగానే ఉంది. పేజీలు మాత్రం ముట్టుకుంటే చిట్లిపోతున్నాయి. మందిరం అరుగుమీద కూర్చుని చదివాను. జనం రావడం మొదలైనా లేవలేదు. వినోద్ వచ్చి చూసి, "పెద్దమ్మా, అది సదవకూడదు కదా లా" అన్నాడు. "నీకెవడు సెప్పినాడు?" అన్నాను. "నువ్వే" అన్నాడు.

మీ అత్త చెప్పింది నిజమే. కాలుడు వచ్చాడు. గడువు అయిందన్నాడు. రాముడు కోప్పడలేదు, ఇంకొన్నాళ్ళు ఉంటానని బేరమాడలేదు. అయోధ్య అంతా వెంట నడిచింది. ముసలివాళ్ళు, పిల్లలు, పశువులు కూడా. ఎవరూ చెయ్యి పట్టుకు వెనక్కి లాగలేదు. నేను ఆ చోట చాలాసేపు ఆగాను. లాగేవాళ్ళు ఒక్కరైనా ఉంటారని వెతికాను. నాలాంటివాళ్ళు. లేరు.

హనుమంతుణ్ణి మాత్రం ఉండిపొమ్మన్నాడు. నా కథ చెప్పుకునేవాళ్ళున్నంత కాలం నువ్వు ఇక్కడే ఉండు అన్నాడు. సముద్రం దాటినవాడు, కొండ మోసినవాడు, అందరిలోకీ దగ్గరివాడు. వాణ్ణి రమ్మనలేదు! వాడు సరే అన్నాడు. అప్పుడు ఏడ్చాడో లేదో అక్కడ రాయలేదు. ముందు పేజీ చూశాను, వెనక పేజీ చూశాను. ఎక్కడా రాయలేదు.

ఆ రోజు మందిరంలో పట్టాభిషేకం దగ్గర ఆపలేదు. నది దాకా చెప్పాను. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఇల్లు నిలవదన్నారు. వెళ్ళనిచ్చాను.

తర్వాత ఇందిరకి ఫోను చేశాను. సరే అన్నాను.

"ఏటన్నావు పెద్దమ్మా?" అంది. మళ్ళీ అన్నాను. అప్పుడు అరిచింది. "నువ్వు కాదంటావనే కదా నీ మీద ఎట్టినాను! ఊరందరినీ సావొద్దు సావొద్దని అరుస్తావు, మా అమ్మకి మాత్రం సరేనా? ఇంక మా గుమ్మం తొక్కకు." నేస్తం, ఆ పిల్లకి నిన్ను ఆపే బలం లేక నన్ను గోడలా నిలబెట్టుకుంది. నేను పక్కకి జరిగాను. ఆ మాట పడాల్సిందే, పడ్డాను. దాన్ని నువ్వు ఏమీ అనకు. ఇన్నాళ్ళూ అది అరిచిందంతా నీ మీద ప్రేమే.

కాసేపటికి గణేశన్ తీసుకున్నాడు ఫోను. "పెద్దమ్మా, అది నేలమీద కూకుండిపోయినాది. రేపు నేను డాక్టరు కాడికెల్తాను. మీరు రండి. అదేటన్నా రండి" అన్నాడు. నిషా ఏమంటోందని అడిగాను. "దానికి ముందే తెలుసు పెద్దమ్మా. ఆల్ల అమ్మమ్మ గదిలో మంచం కిటికీ పక్కకి జరిపేసినాది" అన్నాడు.

నాకింకా కోపంగానే ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. నిన్న అన్నం వండుకుంటూ ఒక్కదాన్నే పెద్దగా అరిచాను, పక్కింటావిడ తలుపు కొట్టి చూసింది. ఇది తగ్గుతుందని నేను అనుకోవడం లేదు.

శుక్రవారం బస్సుకి వస్తున్నాను. ఇందిర తలుపు తియ్యకపోతే మెట్లమీద కూర్చుంటాను, తీసేదాకా. నీతో రామకథ మాట్లాడను. నువ్వు నడిచినంత దూరం నడు. నేను ఒడ్డున ఉంటాను.

కూర్మమ్మ